పాటగాని పుట్టినదినము

(లింగాల ఘనపూర్‌లో చుక్క సత్తయ్యగారి స్మృత్యర్థము చేసిన ప్రసంగము)



ఒగ్గుకథ చెప్పింపదలచినవారు కథకుని పుట్టినదినమెన్నడని అడుగరు. తమ పండుగ యెన్నడో చెప్పి, ఆనాటికి మేళమును వెంటబెట్టుకొని రమ్మందురు. ఈ సామాన్యమైన మాటను ముందుంచుకొని నేటి ప్రసంగమును సాగింపవలెనని నా సంకల్పము. ఈ మండలమందలి మాణిక్యపురమున పుట్టి, కురుమవాడల బీరప్ప పండుగలనుండియు మల్లన్న పట్నములనుండియు ఒగ్గుకథను చేయిపట్టి ఆకాశవాణి దూరదర్శనముల వాకిళ్ళదాక నడిపించి, కాకతీయ విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరేటును, కేంద్ర సంగీత నాటక అకాడమి పురస్కారమును అందుకొని, 2017 నవంబరు 9న కన్నుమూసిన చుక్క సత్తయ్యగారి స్మృతికి ఈ ప్రసంగము అంకితము. ఇట్టి ఉపన్యాసములలో స్మరణీయుని జన్మసంవత్సరముతో మొదలుపెట్టి వరుసగా రావలెననునది ఆచారము. నేనట్లు చేయను. సంగీతకారుల పుట్టినదినములను తలచుకొను అలవాటు మనకెప్పుడు కలిగినది, అంతకుముందు మనవారు పాటగాండ్రను ఏనాడు తలచుకొనెడివారు అను విచారణలో కొంతదూరము తిరిగి, తుదకు సత్తయ్యగారి డోలు వినిపించు వాకిటికే వచ్చి చేరుదము.

పొద్దున్నే ఫోను చేతబట్టుకొన్నవానికి పంచాంగశ్రవణమునకు మారు నేడు జన్మదినశ్రవణము జరుగుచున్నది. డిసెంబరు 4 వచ్చెనా ఘంటసాల, జూన్ 4 వచ్చెనా బాలసుబ్రహ్మణ్యము, నవంబరు 13 వచ్చెనా సుశీల, జులై 6 వచ్చెనా బాలమురళీకృష్ణ. ఇది చెడ్డ అలవాటని నేననను. ఏ మిషమీదనైనను మంచిపాట చెవిని బడుట మేలే. కాని పుట్టినదినము పాటనుగూర్చి ఏమి చెప్పగలదని అడిగినచో, ఏమియు చెప్పజాలదని ఒప్పుకొనవలసివచ్చును. 1922వ సంవత్సరమునే చూడుడు. ఆ యేడు అక్టోబరు 11న శివరామపురమున సాలూరి రాజేశ్వరరావు పుట్టెను. యేబదినాలుగు దినములు గడచిన పిమ్మట, డిసెంబరు 4న చౌటపల్లిలో ఘంటసాల వేంకటేశ్వరరావు పుట్టెను. ఒకరు చిన్ననాటనే గ్రామఫోను రికార్డులకెక్కిన బాలగంధర్వులు. మరియొకరు విజయనగరమున సంగీతము నేర్చుకొనుటకై మధుకరమెత్తి, యింటింట అన్నమడిగి కడుపు నింపుకొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి పాదములచెంత స్వరము దిద్దుకొన్నవారు. ఒకే యేటి గ్రహములు ఇద్దరికిని రెండు దారులు చూపినవి. ఆ దారులు మరల మాయాబజారులో కలిసినవి: 1957లో విడుదలయిన ఆ చిత్రమునకు మొదట పూనుకొన్న రాజేశ్వరరావుగారు నాలుగుపాటలకు వరుసలు కట్టి తప్పుకొనగా, తక్కిన భారమంతయు ఘంటసాలవారి భుజములపై పడెను. ఏ పాట యెవరిదో తెలియనివాడు నేటికిని ఆ చిత్రమును చూచి, అతుకు కనిపెట్టలేడు. సంగీతచరిత్రలో తలచుకొనదగిన తేది యేదైన నున్నచో, అది ఆ వరుసలు చేతులు మారిన దినము. అట్టి దినములకు ఎవరును దండలు వేయరు.

బాలసుబ్రహ్మణ్యముగారి విషయమునను అంతే. 1946లో పుట్టిన ఆయన పాటగాడుగా పుట్టినది 1966 డిసెంబరు 15న, ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రమునకై ఎస్.పి. కోదండపాణి ఆయనచే తొలిపాట పాడించిననాడు. ఈ సంగతి అందరికంటె ఆయనకే బాగుగా తెలియును. గనుకనే తాను పిదప నెలకొల్పుకొన్న రికార్డింగు థియేటరుకు తన పేరుగాని తండ్రిపేరుగాని పెట్టక, కోదండపాణి పేరు పెట్టెను.

మన పూర్వుల పద్ధతి వేరు. పుట్టుక యెవరిదైనను ఒకటే, ఉయ్యాలలోని శిశువునకు రాగమేమి తాళమేమి అని కాబోలు, వారు జన్మతిథిని విడిచి నిర్యాణతిథిని పట్టుకొనిరి. త్యాగయ్యగారు 1767లో పుట్టిరని చదువుకొన్నవారు చెప్పగలరు. కాని తిరువయ్యారున కావేరియొడ్డున గాయకులు బారులుతీరి కూర్చుండి ఒక్కగొంతుతో పంచరత్నములు పాడునది పుష్య బహుళ పంచమినాడు, అనగా 1847 జనవరి 6న ఆయన దేహము చాలించిన తిథినాడు. ఆ సమాధి పాడుపడియుండగా తాను కూడబెట్టిన సొమ్ము వెచ్చించి గుడికట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ; స్త్రీలు పాడరాదన్న ఆరాధనలో స్త్రీలకు చోటు సంపాదించిపెట్టినదియు ఆమెయే. తాళ్లపాక అన్నమాచార్యుని విషయము మరింత విస్పష్టము. ఆయన సంకీర్తనములు చెక్కిన రాగిరేకులలో ఒకదానిపై, శాలివాహనశకము 1346 క్రోధి సంవత్సరమున, పదునారవయేట, వేంకటేశ్వరుని సాక్షాత్కారము కలిగినది మొదలుకొని శకవర్షము 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశివరకును ఆయన సంకీర్తనలు చెప్పెనని వ్రాసియున్నది. పాట మొదలైన యేడు, పాట ఆగిన తిథి: రాగిపై చెక్కదగినవని ఆ వంశమువారికి తోచినవి ఈ రెండే. ఆయన 1408లో పుట్టెనని మనము చెప్పుకొనునది ఆ పదునారేండ్లను తీసివేసి కట్టిన లెక్క. పాటనుబట్టి పుట్టుకను లెక్కగట్టితిమేగాని, పుట్టుకనుబట్టి పాటను కాదు.

ఇక మన పాలకుర్తి సోమనాథుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. ఇచ్చటికి కొలదిదూరముననే పుట్టి, జానుతెనుగున ద్విపదలల్లిన ఆ మహాకవి, పండితారాధ్యచరిత్రమున తనకాలపు జనము పాడుకొను పాటలను పేరుపేరున పేర్కొనెను: తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు, ప్రభాతపదములు, నివాళిపదములు, ఇట్లింక నెన్నియో. వాద్యములను చెప్పెను, వాయించు తీరులను చెప్పెను. పాడినవారి పేరు ఒక్కటియు చెప్పలేదు. ఏడెనిమిది శతాబ్దములకు వెనుక శ్రీశైలమున శివరాత్రి జాగరములో తుమ్మెదపదము పాడిన గొంతు స్త్రీదో పురుషునిదో కూడ మనకు దక్కలేదు. ఇందులకు ఆ కవిని తప్పుపట్టవలెనా అని నేను చాలకాలము తర్కించుకొంటిని. పట్టవలెననియే నా తీర్పు. అంతటి చూపుగలవాడు, పక్కన కూర్చున్నవాని పేరు అడిగియుండవలసినది.

పేరు, తేది అను రెండును పాటకు అంటుకొనుట యంత్రములు వచ్చినపిమ్మట జరిగినది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ కొమ్ముబూరవంటి గొట్టములోనికి పాడి, పాట ముగియగానే తన పేరు తానే గట్టిగా చెప్పెను. మైనపుపలకను దూరదేశమున రికార్డుగా అచ్చొత్తువారికి ఎవరు పాడిరో తెలియుటకని ఆ ఏర్పాటు. వర్తకులకై చెప్పిన ఆ పేరే చరిత్రయై నిలిచినది. పిమ్మట రికార్డునడుమ గుండ్రని కాగితము వచ్చెను, సినిమా వచ్చెను, పత్రిక వచ్చెను. వానితోబాటు పుట్టినదినములు వచ్చెను. కాని కాగితముమీది తేదులు కూడ మనమనుకొనునంత గట్టివి కావు. మన తొలి మాటాడుచిత్రము, హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్తప్రహ్లాద’, 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని డెబ్బదియేండ్లకు పైగా నమ్మి, ఆనాడే తెలుగుసినిమాకు పుట్టినరోజు చేసితిమి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఓపికతో పాతపత్రికలను తిరుగవేసి, సెన్సారుపత్రమే 1932 జనవరిలో పుట్టినదనియు, చిత్రము 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో తెరకెక్కినదనియు తేల్చెను. ఆ చిత్రమునకు పాటలు వ్రాసినవాడు మన ఖమ్మంసీమ జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసు. పాడినది సురభి కమలాబాయి. ఆమె పుట్టుకనుగూర్చి నాటకసమాజములవారు ముచ్చటగా చెప్పుకొను కథ యొకటి కలదు. తల్లి నిండుచూలాలై దమయంతి వేషము కట్టి రంగముమీదనుండగానే నొప్పులు వచ్చెనట. అదియు ఆటలోని భాగమేయని జనము చూచుచుండిరట. నిజము తెలిసినపిమ్మట తల్లీబిడ్డలపై డబ్బులు కురిపించిరట. నిజమైనను కల్పనయైనను, కళాకారుని పుట్టినదినమును మన జనము ఎట్టిదిగా ఊహింపగోరిరో ఆ కథ చెప్పుచున్నది. ఆటలో పుట్టవలెను, జనమునడుమ పుట్టవలెను.

ఇట్టి కోరిక మనకే ప్రత్యేకము కాదు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున నిరుపేద నల్లజాతి కుటుంబమున పుట్టి, బాకాతో లోకమునంతయు ఊగించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, తాను 1900 జులై 4న పుట్టితినని జీవితమంతయు చెప్పుకొనెను. జులై 4 ఆ దేశపు స్వాతంత్ర్యదినము. ఆయన 1971లో గతించి పదేండ్లు దాటినపిమ్మట చర్చిలోని జ్ఞానస్నానపు పుస్తకమున అసలు తేది దొరకెను: 1901 ఆగస్టు 4. పేదయింటి బిడ్డలకు పుట్టినతేది ఎవరు వ్రాసిపెట్టుదురు? వ్రాసిపెట్టనపుడు మంచిరోజొకటి ఎన్నుకొనుటలో తప్పేమి?

ఈ మాట వచ్చినది గనుక నా సంగతి యొకటి మనవిచేసెదను. నన్ను బడిలో వేయుటకు మా నాయనమ్మ తీసికొనిపోయినపుడు పంతులుగారు పుట్టినతేది అడిగిరి. “వరికోతలప్పుడు పుట్టిండు సారూ, చెరువు తెగిన యాడాది” అని ఆమె ఠక్కున చెప్పినది. ఆమె లెక్కలో అంతకన్న నిక్కచ్చియైన తేది లేదు. పంతులుగారు ఒక్కక్షణము ఆలోచించి, “అయితే జులై ఒకటి రాస్తున్న” అనిరి. జులైలో వరికోత లెక్కడివి? నాటికిని నేటికిని నేను కాగితముమీద నాట్లవేళ పుట్టినవాడను. మా తరగతిలో సగముమంది అదేదినమున పుట్టితిమి. ఇచ్చట కూర్చున్న పెద్దలలో ఎందరు నా తోడిపుట్టువులో, చేతులెత్తుమందును గాని సభామర్యాద అడ్డువచ్చుచున్నది.

జులై 4 అను తేది మనకును కలదు. ఇచ్చటికి పొరుగుననే, దేవరుప్పుల మండలపు కడవెండిలో, 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖు మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య కూలెను. ఆయన కురుమబిడ్డ. గొఱ్ఱెలు కాచినవాడు. ఆయన పడిపోయిన దినమును తాలూకా తాలూకాయే పాటగా వ్రాసికొనెను. మరుసటియేడు ఆగస్టు 15 వచ్చినపుడు మదరాసు రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు వ్రాసి వరుసకట్టిన ‘మాదీ స్వతంత్ర దేశం’ గీతమును టంగుటూరి సూర్యకుమారి పాడెను. తెలుగుపాట చరిత్రలో అది వెలుగుగడియ, సందేహము లేదు. కాని ఆనాటికి ఈ జనగామసీమ నిజామునేలుబడిలోనే యుండెను. ఇచ్చటి పాట గొంగడికప్పుకొని, చీకటిలో, గస్తీవాని అడుగులచప్పుడు వినుచు ఊరినుండి ఊరికి నడచుచుండెను. సుద్దాల హనుమంతు పల్లెజనముచే పాడించుచున్నది ఆ రోజులలోనే. బండి యాదగిరి పాట యిచ్చటి బాటలమీద పుట్టి, 1980లో ‘మాభూమి’ చిత్రమున గద్దర్ గొంతున తెరకెక్కువరకును, ఏ రికార్డుమీదను గుండ్రని కాగితము తగిలించుకొనలేదు. ఒకే భాషలో రెండు పాటలచరిత్రలు నడచినవి. ఒకదానికి తేదులు కలవు, రెండవదానికి జ్ఞాపకము కలదు. మన పుస్తకములలో మొదటిదే చరిత్రయని చలామణి యగుచున్నది.

ఇప్పుడు ఒగ్గుకథ యొద్దకు వత్తము. శివుని డమరుకమునకు ఒగ్గని పేరు; దానిని పట్టి శివునికథ, బీరప్పకథ, మల్లన్నకథ, ఎల్లమ్మకథ చెప్పువారు ఒగ్గువారు. సంక్రాంతినాడు కొమురవెల్లిలో జాతర మొదలై ఉగాదిదాక ఆదివారము తరువాత ఆదివారముగా సాగును, ఒగ్గువాని క్యాలెండరది. నేను చిన్నతనమున చూచిన ఒక రాత్రి నా కన్నులయెదుట నిప్పటికిని మెదలుచున్నది. వాకిట బియ్యపుపిండి, పసుపు, కుంకుమ, ఆకుపొడి చేతివ్రేళ్ళసందున జార్చుచు పట్నము వేసిరి. నొసట బండారి పూసుకొని, కాళ్ళ గజ్జెలతో కథకుడు నిలిచెను. వెనుక డోళ్ళు, తాళములు. అతని భుజముపై నొక వస్త్రము. తలకు చుట్టినచో రాజు, కొంగుగా లాగుకొన్నచో రాణి, చేతికి మడిచి తగిలించుకొన్నచో పసిబిడ్డ. నడిరేయి దాటినపిమ్మట జనములో సగము కునుకుచుండగా అతడు కథ ఆపి, వంతవానివంక తిరిగి, లోకాభిరామాయణము నొకటి అంటించెను, నవ్వులు రేగెను, నిద్రపోయినవారు తాము దేనికి నవ్వుచున్నామో తెలియకయే లేచి నవ్విరి. మరల డోలుదెబ్బ. నడుమ నడుమ ఎవరో లేచి కట్నము చదివించుచుండిరి. అప్పుడు రాణి యేడ్పు ఎంతటి ఘట్టములోనున్నను ఆగవలసినదే. కట్నమిచ్చినవాని పేరు, యింటిపేరు, బిడ్డలపేరులు కథలోనికెక్కి, దీవెనయంది, దిగిపోవలసినదే. ఆ పిమ్మట రాణి విడిచినచోటనే యేడ్పు నందుకొనును. ఆ రాత్రి రెండురూపాయలిచ్చిన మనుషుల పేరులు నాకు నేటికిని జ్ఞాపకమున్నవి. డోలు వాయించిన నలుగురిలో ఒక్కని పేరైనను జ్ఞాపకము లేదు. ఆ పేరులు ఎవరును పలుకలేదు గనుక.

సత్తయ్యగారి ఘనత యేమని అడిగినవారికి బిరుదులను చదివి వినిపింపవచ్చును. నాకు తోచినది వేరు. రాత్రులకొలది సాగు కథను, దాని యెముక విరుగనీయక, అరగంటయో గంటయో మాత్రమే యిచ్చు రేడియోగదికిని నగరవేదికకును సరిపోవునట్లు మలచుట యెట్టి పనియో, ప్రబంధమును పద్యముచేయ పూనుకొన్నవానికే తెలియును. ఆయన ఆ పని చేసెను. చేసియు, పండుగకు పిలిచిన కురుమలవాకిట రాత్రికథను మానలేదు. ఆడుపాత్రయందు ఆయన నడక, కనుబొమల విరుపు చూచినవారు, మీసములను మరచిపోయెడివారు. ఆయన మలచిన ఒగ్గుడోలు విన్యాసములను ఊరేగింపులలో నేటి యువకులు వాయించుచున్నారు. ఎవరు నేర్పిరని అడిగినచో ‘మా గురువు’ అందురు, ఆ గురువునకు గురువెవరని అడిగినచో మాణిక్యపురము దారి చూపుదురు.

ఇంకొక్క తేది చెప్పి ముగించెదను. 2023 మార్చి 13 ఉదయమున, అమెరికాలో అది ఇంకను 12వ తేది రాత్రి, ‘నాటు నాటు’ పాటకు ఆస్కారు వచ్చినది. వ్రాసిన చంద్రబోసు మన పొరుగున, జయశంకర్ భూపాలపల్లి జిల్లా చల్లగరిగెలో పుట్టినవాడు. వరుసకట్టిన కీరవాణిగారు చిత్రముగా జులై 4నాడే పుట్టినవారు. ఆ రాత్రి అదే వేదికపై రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఆ పాటను పాడిరి. బహుమతి నియమముప్రకారము రచయితకును స్వరకర్తకును చెందినది. పాడినవారికి లేదు, వాయించినవారి పేరు సభలో పలికినవారు లేరు. సోమనాథుని కాలమునుండి మనము పెద్దగా కదలలేదని నాకనిపించినది. ఇంకొక సాక్ష్యము చూడుడు: కళాకారుని పింఛనునకు కాగితములు కట్టుకొని తిరిగిన ఒక ముసలి డోలుగాని వెంట నేనొక కార్యాలయమునకు పోతిని. పుట్టినతేదికి రుజువు కావలెననిరి. అతడు జవాబుగా తాను వాయించిన జాతరలను వరుసగా చెప్పసాగెను. గుమాస్తా విని నవ్వెను. ఆ వరుసయే ఆ యింటి రాగిరేకు; వ్రాసికొనువాడు లేకపోయెను.

కనుక మీకొక్క విన్నపము. ఈ ఘనపూర్‌లో, నెల్లుట్లలో, జీడికల్లులో, మాణిక్యపురమున ప్రతియింట ఫోనున్నది. ఆ ఫోనులలో గడచిన పండుగనాటి ఒగ్గుకథలున్నవి. ఇంటికి పోయి ఒక్కొక్కదానిని తెరచి, ఏ ఊరు, ఏ పండుగ, ఏ తేది అని వ్రాసి, కథకుని పేరు కింద వంతవాని పేరును, డోళ్ళు వాయించిన ప్రతివాని పేరును, యింటిపేరుతో సహా, చేర్చుడు. పేరు తెలియనిచో రేపు పోయి అడుగుడు. వారు ఇంకను మీ వాడలోనే యున్నారు.